చీకట్లో ఆ చప్పుడు



రాత్రి పదకొండు దాటుతుంది. వీధి కుక్కలు కూడా సద్దుమణుగుతాయి. ఇంట్లో ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఇంకేమీ ఉండదు. సరిగ్గా అప్పుడు వంటింట్లో మొదలవుతుంది... కర కర కర. ఆగుతుంది. ఊపిరి బిగబట్టి వింటాం. మళ్లీ కర కర. ఏదో గిన్నె మూత కదులుతుంది. గోడవారన ఏదో చరచరా పోయినట్టనిపిస్తుంది. ఈ నాలుగు మాటలకే మీలో కొందరికి ఒళ్లు జలదరించి ఉంటుంది. ఈ పూట నేను మాట్లాడదామని వచ్చింది ముఖ్యంగా మీతోనే.

మా చెల్లెలు ఉండేది నిజామాబాద్ జిల్లా రుద్రూర్‌లో. ఊరి చివర అద్దె ఇల్లు. వెనక ప్రహరీ దాటితే వరి మడులు, వాటి పక్కన కొంచెం చెరకు. మరిది రైస్ మిల్లులో పని చేస్తాడు, సీజన్‌లో రాత్రి డ్యూటీలు పడతాయి. వాళ్లకు మూడేళ్ల బాబు. యాసంగి కోతలు అయిన వారానికి ఒకనాడు తెల్లవారకముందే ఫోన్ చేసింది. "అక్కా, నాలుగు రాత్రులాయె నిద్ర లేక. ఇంట్ల ఎల్క జొర్రింది. లైటేసుకొని మంచం మీద కూసుంటున్న. కాలు కింద పెట్టాల్నంటే పాణం పోతున్నది" అని ఏడ్చింది. పక్కింటివాళ్లకు చెప్పుకుంటే నవ్వారట. ఇంత మనిషివి, పిల్లోని తల్లివి, ఎల్కకు భయపడుడేందని.

నాకు నవ్వు రాలేదు. ఆ భయం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు.

మా చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు అమ్మమ్మ ఇంటికి పోయేవాళ్లం. గూనపెంకల ఇల్లు. నడింట్లో వడ్ల గుమ్మి, దానికి పేడతో అలుకు. రాత్రి గుమ్మి పక్కనే బొంత పరిచి పిల్లలందరినీ పండుకోబెట్టేవాళ్లు. ఒక రాత్రి వాసం మీంచి ఎలుక జారి మా బొంత మీద పడింది. నాకు తొమ్మిదేళ్లు, చెల్లెకు నాలుగు. కందిలి వెలుగులో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. చెల్లె లేచి కూర్చుని దాన్నే చూస్తోంది. చేయి కూడా చాపింది. అప్పుడు నేను అరిచాను. ఇల్లంతా లేచేలా, వాకిట్లో పండుకున్న తాత ఉరికి వచ్చేలా అరిచాను. చెల్లె నన్ను చూసి గుక్కపట్టి ఏడ్చింది. ఎలుక ఎప్పుడో పోయింది. ఆ కేక మాత్రం చెల్లెలో ఉండిపోయింది. ముప్పై ఏళ్లయినా పోలేదు.

భయం ఇలా ఎట్లా పుడుతుందన్నదాని మీద, అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జాన్ వాట్సన్, రోసలీ రేనర్ అని ఇద్దరు 1920లో ఒక ప్రయోగం గురించి రాశారు. ఏడాది నిండని పసివాడి ముందు తెల్ల ఎలుకను వదిలారు. వాడు బెదరలేదు, దాన్ని పట్టుకోబోయాడు. అట్లా చేయి చాపినప్పుడల్లా వాడి వెనక ఇనుప కడ్డీ మీద సుత్తితో ఠంగుమని కొట్టారు. కొన్ని సార్లకే, ఏ చప్పుడూ లేకున్నా, ఎలుకను చూస్తేనే వాడు ఏడుస్తూ అవతలికి పాకడం మొదలుపెట్టాడు. ఆ భయం పోగొట్టకుండానే బిడ్డను పంపేశారు. ఇవాళ ఎవరూ అలాంటి పని చేయనివ్వరు, చేయనివ్వకూడదు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు ఆ బాల్టిమోర్ గది కనబడలేదు, అమ్మమ్మ వాళ్ల గుమ్మి కనబడింది. సుత్తి నా చేతిలో ఉంది.

అయితే ఈ కథకు ఇంకో సగం ఉంది. అది అంతగా ఎవరూ చెప్పరు. నాలుగేళ్ల తర్వాత, 1924లో, మేరీ కవర్ జోన్స్ అనే ఆమె పీటర్ అనే పిల్లవాడి గురించి రాసింది. వాడికి మూడేళ్లు కూడా లేవు. ఎలుకన్నా కుందేలన్నా హడలిపోయేవాడు. ఆమె కుందేలును పంజరంలో పెట్టి, దూరంగా ఉంచి, వాడికి ఇష్టమైన తిండి పెట్టింది. వాడు తింటూ ఉండగా పంజరాన్ని కొంచెం దగ్గరికి జరిపేది. వాడు బెదిరితే వెనక్కి. మరునాడు మళ్లీ కొంచెం. చివరికి ఆ పిల్లవాడు కుందేలును ఒడిలో పెట్టుకుని నిమిరాడు. బలవంతం లేదు, వెక్కిరింత లేదు. పక్కన మనిషి, నోట్లో తిండి, తొందరపడని ఓపిక. అంతే.

నేను సంచి సర్దుకుని బోధన్ మీదుగా రుద్రూర్ బస్సెక్కాను.

మొదటి రాత్రి మేం ఎలుకను పట్టే పనేదీ పెట్టుకోలేదు. చెల్లె సర్వపిండి చేసింది. బాబు నిద్రపోయాక ఇద్దరం మంచం మీద కూర్చుని తింటూ ఉన్నాం. లైటు బంద్ చేద్దామంటే ఒప్పుకోలేదు. సరే, వంటింటి లైటు ఒక్కటే తీసేశాం. పదకొండున్నరకు మొదలైంది. చెల్లె నా చేయి పట్టుకుంది, గోళ్లు దిగేంత గట్టిగా. "ఏం చేస్తున్నదో చెప్పు" అన్నాను. "ఏమో అక్కా." "విను, చెప్పు." కాసేపటికి అంది: "కొరుకుతున్నది." ఎక్కడ? "సింకు కింద." ఇప్పుడు? "ఉరుకుతున్నది... గోడ పక్కపొంటి." ఇప్పుడు? "ఆగింది." అప్పుడు చెప్పాను. అది ఎందుకు ఆగిందంటే మన మాట విన్నది కాబట్టి.

ఎలుక రాత్రి ఎందుకు తిరుగుతుందో చెల్లెకు ఆ రాత్రే చెప్పాను. పగలు మనం తిరుగుతుంటాం, దానికి భయం. దాని చూపు అంతంత మాత్రం. మీసాలు గోడకు తగిలిస్తూ, ఆ స్పర్శతో దారి చూసుకుంటుంది. అందుకే గది నడుమన పోదు, గోడవారన పోతుంది. మంచం మీది మనిషి మీదికి రావాలని దానికి ఏ పనీ లేదు. దాని ముందరి పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, కొరికి అరగదీసుకోకపోతే ఎలుక బతకలేదు. మనల్ని నిద్రపోనివ్వని ఆ కర కర అంతా దాని పళ్ల బాధ. ఇంట్లో దూరే చిట్టెలుక బరువెంతో తెలుసా? నాలుగైదు రూపాయి బిళ్లలంత. నిశ్శబ్దంలో మాత్రం అంతంత చప్పుడు చేస్తుంది.

ఎలుకంటే భయపడటం తెలివితక్కువతనమని నేననను. ఆ భయానికి చరిత్ర ఉంది. 1896లో బొంబాయిలో ప్లేగు మొదలై దేశమంతా పాకింది. ఇంట్లో ఎలుకలు రాలిపడుతున్నాయంటే జనం ఊళ్లు విడిచి పొలాల్లో గుడిసెలు వేసుకునే రోజులవి. ఎలుక ఒంటి మీద రక్తం తాగే ఫ్లీ అనే చిన్న పురుగు ద్వారా ఆ జబ్బు మనిషికి వస్తుందని 1898లో పాల్ లూయీ సిమాండ్ అనే ఫ్రెంచి డాక్టరు కనిపెట్టాడు. 1994లో మంజీర నది అవతలి మహారాష్ట్రలో, బీడ్ జిల్లాలో ప్లేగు అన్నారు, ఆ వెంటనే సూరత్ అన్నారు. ఆ రోజుల్లో మన జిల్లాలో కూడా ముక్కుకు గుడ్డ కట్టుకోని మనిషి లేడు. పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కాబట్టి భయపడేవాళ్లను చూసి నవ్వకండి. మన ముందు తరాలను బతికించిన భయం అది. కాకపోతే దానికి పగటిపూట పని చూపించాలి.

పొద్దున్నే పనిలో దిగాం. ముందు లద్దెలు వెతికాం. సింకు కింద, గ్యాస్ సిలిండర్ వెనక, బియ్యం గింజంత నల్లటివి దొరికాయి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఎలుక అని మనం ఒక్క మాటలో అంటాం గానీ ఇంట్లో తిరిగేవి ఒకటి కాదు. లద్దె బియ్యం గింజంత ఉంటే చిట్టెలుక. దానికి రెండింతలు, మూడింతలుంటే ఇంటెలుక, అది అటక మీద, వాసాల మీద, కేబుల్ తీగల మీద నడిచే జాతి. నేల తవ్వి పిడికెడు మట్టి బయట పోస్తే పందికొక్కు. అది ముఖ్యంగా పొలంది, పునాదుల కిందికీ వస్తుంది. ముక్కు పొడుగ్గా ఉండి, కిచకిచమంటూ, కంపు కొడుతూ పోయే చుంచు అసలు ఎలుక జాతే కాదు. పురుగుల్ని, బొద్దింకల్ని తింటుంది. దాన్ని చంపాల్సిన పని లేదు, తలుపు తీసి వెళ్లగొడితే చాలు.

కోతలయ్యాకే ఎందుకు వస్తాయని చెల్లె అడిగింది. రుద్రూర్ చుట్టూ నేలంతా నిజాంసాగర్ నీళ్లతో పండేది. మంజీర మీద ఆ ఆనకట్ట 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆ నీళ్లతోనే చెరకొచ్చింది, చెరకుతో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. రుద్రూర్‌లో చెరకు మీద, వరి మీద పరిశోధన స్థానమే ఉంది. 2015లో ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు మడులు తగ్గి వరి మళ్లు పెరిగాయి. ఎలుకకు మాత్రం చెరకైనా వరైనా అన్నమే, చలికి ఇల్లే. ఒకప్పుడు చెరకు నెలల తరబడి నరికేవాళ్లు, ఎలుకలు ఒక మడి నుంచి ఇంకో మడికి పోయేవి. ఇప్పుడు హార్వెస్టర్ దిగిందంటే పూటలో మడి బోసిపోతుంది. తిండీ గూడూ ఒక్కరోజే పోతే అవి ఎక్కడికి పోవాలి? ఊరి చివరి ఇంటికి. అందుకని వానాకాలం కోతలప్పుడు నవంబరులో ఒకసారి, యాసంగి కోతలప్పుడు ఏప్రిల్, మే నెలల్లో ఇంకోసారి, పంట కోయకముందే ఇల్లు చూసుకోవాలి. వచ్చాక వెతుక్కోవడం కష్టం.

చిట్టెలుకకు ఎంత సందు కావాలో చాలామందికి తెలియదు. పెన్సిల్ దూరితే చాలు, ఎలుక దూరుతుంది. సుమారు ఆరు మిల్లీమీటర్లు. నేను బాబు పెన్సిల్ తీసుకుని ఇంటి చుట్టూ తిరిగాను. సింకు పైపు గోడలోంచి బయటికి పోయే చోట సిమెంటు ఊడి, రెండు వేళ్లు పట్టేంత కన్నం ఉంది. వెనక దర్వాజ కింద గడపకూ తలుపుకూ మధ్య పెన్సిల్ దొర్లుకుంటూ పోయింది. బాత్‌రూం నీళ్లు పోయే తూముకు జాలీ లేదు. చెల్లె అప్పటిదాకా సింకు కన్నంలో పాత చీర ముక్క కుక్కి పెట్టింది. అది ఇప్పుడు ఎలుక గూట్లో పరుపైంది! గుడ్డ, కాగితం, థర్మకోల్ పెట్టడమంటే ఎలుకకు పక్క పరవడమే. గిన్నెలు తోమే స్టీల్ పీచు గట్టిగా కుక్కి, పైన సిమెంటు పూస్తే కొరకలేదు. దర్వాజ కింద రేకు పట్టీ కొట్టించాం. తూముకు ఇనుప జాలీ. మొత్తం ఖర్చు ఒకనాటి కూలీ, అరబస్తా కూడా కాని సిమెంటు.

కన్నాలు పూడుస్తుంటే నాకు చిన్నయసూరి నీతిచంద్రిక గుర్తొచ్చింది, 1853 నాటి పుస్తకం. మనలో చాలామంది బడిలో చదివాం. అందులో హిరణ్యకుడనే ఎలుక కథ ఉంది. ఒక సన్న్యాసి మిగిలిన తిండిని ఎత్తున తగిలించి పెడతాడు. ఎలుక రోజూ ఎగిరి అందుకుని తింటుంది. స్నేహితుడు వచ్చి మాట్లాడుతుంటే, ఈయన వింటూనే ఎలుకను బెదిరించడానికి కర్రతో చప్పుడు చేస్తుంటాడు. ఆ స్నేహితుడు ఆలోచిస్తాడు, ఇంత చిన్న జంతువుకు ఇంత ఎత్తు ఎగిరే బలం ఎక్కడిదని. కన్నం తవ్వి చూస్తే లోపల అది కూడబెట్టింది బయటపడుతుంది. అది తీసేశాక ఎలుక ఎగరలేకపోతుంది. బడిలో మాకు దీన్ని ధనం గురించిన నీతిగా చెప్పారు. నాకిప్పుడు ఆ సన్న్యాసి కర్ర కనబడుతుంది. రాత్రంతా చప్పట్లు కొట్టడం, కర్రతో తలుపు బాదడం, లైటేసి కూర్చోవడం. మా చెల్లె నాలుగు రాత్రులు చేసింది అదే. తవ్వి చూసినవాడిదే ఉపాయం.

చెల్లె ఇంట్లో హిరణ్యకుడి నిధి ఏమిటంటే, మూత పగిలిన బియ్యం డ్రమ్ము, మూతి కట్టని పల్లీల కవరు, రాత్రి కడగకుండా వదిలిన గిన్నెలు, మూత లేని చెత్తబుట్ట. చిట్టెలుకకు రోజుకు రెండు మూడు గ్రాములు దొరికితే బతికిపోతుంది. మనం పొయ్యి గట్టు మీద తుడవని మెతుకులే దానికి విందు. బియ్యం, పప్పులు, పల్లీలు స్టీలు డబ్బాల్లోకి మారాయి. లద్దెల్ని పొడి చీపురుతో ఊడవలేదు, ఆ దుమ్ము ఊపిరిలో పోవడం మంచిది కాదు. బ్లీచింగ్ నీళ్లు చల్లి కాసేపు తడవనిచ్చి, చేతికి కవరు తొడుక్కుని తుడిచాం.

ఆ తర్వాత బోను. తీగలతో అల్లిన బోను అంగట్లో దొరికేదే. కాల్చిన కొబ్బరి ముక్క గుచ్చి, సింకు కింద గోడకు ఆనించి, మూతి గోడవారన దారికి ఎదురుగా పెట్టాలి. నడిమధ్య పెడితే ఫలితం ఉండదు. చిట్టెలుకకు కొత్త వస్తువంటే కుతూహలం, మొదటి రాత్రే రావచ్చు. ఇంటెలుకకు కొత్త వస్తువంటే అనుమానం. దానికైతే రెండు మూడు రాత్రులు తలుపు పడకుండా కట్టి, తిండి అలవాటు చేసి, తర్వాత తలుపు వదలాలి. జిగురు అట్టలు మాత్రం నా మాట విని కొనకండి. రాత్రంతా ఆ ప్రాణి అరుస్తూ చావడం భయపడే మనిషి వింటే ఆ మనిషికి ఇక నిద్ర ఎన్నటికి పడుతుంది?

ఇక మందుల సంగతి. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, క్షమించండి. చెల్లె ఫోన్‌లో మొదట అడిగింది ఇదే. "మందు పెట్టమంటున్నరు అక్కా, ట్యూబుల వస్తదట, రొట్టె ముక్కకు పూస్తే సాలట." నేను ఫోన్‌లోనే గట్టిగా వద్దన్నాను. ఆ పేస్టులో పసుపు ఫాస్ఫరస్ ఉంటుంది. చూస్తే టూత్‌పేస్టు లాగే ఉంటుంది. పొరపాటున తిన్న మనిషికి మొదట వాంతులవుతాయి, తర్వాత ఒకటి రెండు రోజులు కోలుకున్నట్టు కనిపిస్తుంది. ఇంటివాళ్లు హమ్మయ్య అనుకుంటారు. ఆ లోపలే కాలేయం పాడవుతుంది. విరుగుడు లేదు. బూడిదరంగు పొడి జింక్ ఫాస్ఫైడ్ అయితే కడుపులోకి పోగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు అవుతుంది. దానికీ విరుగుడు లేదు. పొలంలో పందికొక్కులకు నూకలు, నూనె కలిపి బొరియల్లో పెట్టే మందు అది. వ్యవసాయాధికారి చెప్పినట్టు పొలంలోనే వాడాలి. వంటింట్లో దానికి చోటు లేదు. బ్రోమాడియోలోన్ బిళ్లలకు విటమిన్ కె విరుగుడు ఉంది. కానీ అది తిన్న ఎలుక మూడు నాలుగు రోజులకు ఏ గోడ సందులోనో చస్తుంది, వాసన వారం. ఆ ఎలుకను తిన్న పిల్లి, గుడ్లగూబ కూడా పోవచ్చు.

ఎవరైనా తిన్నారని అనుమానం వచ్చినా సరే, బాగానే ఉన్నాడని ఆగకండి. కక్కించకండి, పాలు, నెయ్యి పట్టించకండి. 108కి ఫోన్ చేయండి, ఆ ట్యూబో పాకెట్టో చేతిలో పట్టుకుని ఆసుపత్రికి పొండి. డాక్టరుకు అది చూస్తేనే ఏ విషమో తెలుస్తుంది. ఇంట్లో మనసు కలతగా ఉన్న మనిషి ఉంటే, పిల్లవాడు పాకే వయసులో ఉంటే, ఆ ట్యూబు ఇంటి గడప లోపలికే రానివ్వకండి. మనసు కలతకూ, నిద్ర పట్టనివ్వని భయానికీ టెలి మానస్ అని ప్రభుత్వం నంబరు ఉంది, 14416. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు.

ఎలుక కరిస్తే సబ్బుతో, పారే నీళ్ల కింద పావుగంట కడిగి డాక్టరుకు చూపించాలి. వానాకాలంలో మడిలో దిగేవాళ్లకు ఇంకో మాట. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు కాలి పగుళ్లలోంచి పోతే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. ఒళ్లు నొప్పులు, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే మడిలో దిగిన సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఎలుక ఉన్న చోటికి పాము వస్తుందన్నది కూడా నిజమే. నేల మీద పండుకునేవాళ్లను రాత్రిపూట కాటేసేది ఎక్కువగా కట్లపాము. మంచం, దోమతెర, చేతికందేట్టు టార్చి. కోతల రోజుల్లో ఈ మూడూ ఉండాలి.

రెండో రాత్రి బోను పెట్టాం. వంటింటి లైటుతో పాటు గది లైటు కూడా తీసేద్దామా అని చెల్లెనే అడిగింది. టార్చి దిండు కింద పెట్టుకుంది. చప్పుడైంది. "సింకు కింద" అని తనే చెప్పింది, నిద్రమత్తులో. కన్నం మూసేశాం కదా, లోపల చిక్కినదై ఉంటుందని నేనన్నాను. కాసేపటికి టప్ మని బోను తలుపు పడింది. చెల్లె ఉలిక్కిపడి లేచి కూర్చుంది. నేను లేవబోతే చేయి పట్టుకుని ఆపింది. "పొద్దున చూద్దాం అక్కా" అని పండుకుంది. నేనే చాలాసేపు మేలుకుని ఉన్నాను, తన ఊపిరి వింటూ.

తెల్లవారి వంటింట్లో మాటలు వినబడి లేచాను. బోను గట్టు మీద ఉంది. లోపల చిట్టెలుక, మూలకు ముడుచుకుని, మీసాలు వణుకుతూ, కొబ్బరి ముక్క సగం తినేసి ఉంది. బాబు కుర్చీ ఎక్కి వేలు చాపుతున్నాడు. చెల్లె వాడి వెనక నిలబడింది. ముఖం తెల్లబోయి ఉంది, ఎడమ చేయి నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. కేక గొంతుదాకా వచ్చిందని నాకు తెలుసు. కుడి చేత్తో వాడి వేలు పట్టి మెల్లగా వెనక్కి తీసింది.

"ముట్టుకోవద్దు బిడ్డా, కరుస్తది" అంది, మామూలు గొంతుతో. "సూడు, ఎల్క. కొబ్బరి తిన్నది."

"మల్ల తింటదా అమ్మా?" అన్నాడు వాడు.